ఇంకా కాగితాలుండాయి

ఆయన పేరు చెప్పను. చెప్పే యోగ్యత నాకు లేదు. మైదుకూరులో అందరూ పుస్తకాలప్ప అనేవాళ్ళు, నేనూ అట్లాగే అంటాను. నేను చెబుతుంటే మిషన్ బడి టీచరమ్మ రాస్తోంది. నాకు రాయడం వచ్చింది నా పేరొక్కటే. అదీ ఆయన నేర్పిందే.

మొన్న మంగళవారం పొద్దున ఆయన కూతురు బద్వేలు బస్సు దిగి, అడుక్కుంటూ అడుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. నేను వాకిట్లో కసువు ఊడుస్తున్నాను.

"ఓబులమ్మంటే నువ్వేనా చిన్నమ్మా?"

అవునన్నాను.

"మా నాయన పోయినాడు. నెల దాటింది." చంకలోని గుడ్డ మూట విప్పి, పచ్చ అట్ట ఉన్న నోటుపుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "ఇంట్లో పెట్టుకోను మనసొప్పలేదు. పారేయను చెయ్యి రాలేదు. లోపల మీ పేర్లుండాయి, మీకే ఇద్దామని వచ్చినా. మిగిలినోళ్ళు యాడుండారు?"

నాతో కాయలు వొలిచిన నరసమ్మ చచ్చిపోయిందనీ, హుసేన్‌బీ కొడుకు వెంట నంద్యాల పోయిందనీ చెప్పాను. నేనొక్కదాన్నే మిగిలానన్నాను. మంచినీళ్ళు తాగమన్నాను.

"తాగినా, బస్టాండులో," అంది.

ఆ పిల్లకు అంతా తెలుసు. ముఖం చూస్తే తెలిసిపోయింది. తండ్రి ముఖమే. కోపం లేదు. కోపముంటే ఆ కాళ్ళ మీద పడి ఏడ్చి ఉందును. కోపం లేనివాళ్ళ కాళ్ళు ఎట్లా పట్టుకుంటాం? వచ్చిన బస్సులోనే తిరిగి పోయింది.

పచ్చ అట్టను చూడగానే గుర్తుపట్టాను. ఎనిమిదేళ్ళ కింద దాన్ని నా చేతుల్తోనే ఆయన దగ్గర గుంజుకున్నాను.

అప్పుడు నేను సంత వీధిలో సెట్టి కొట్టం దగ్గరకు కాయలు వొలిచే పనికి పోయేదాన్ని. మృగశిర కార్తె ముందర విత్తనం వేరుశనగలు వొలవాలి. మిషన్‌లో వేస్తే గింజ చీలుతుంది, చీలిన గింజ మొలవదు. అందుకని ఆడవాళ్ళను పదిమందిని కూర్చోబెట్టి చేతుల్తోనే వొలిపించేవాడు సెట్టి. రెండో రోజుకే బొటనవేలు పగిలేది. గుడ్డపేలిక చుట్టుకుని వొలిచేవాళ్ళం. పగిలిన వేలు కంటే సెట్టికి దిగులు వేరే ఉండేది. మేము గింజలు తినేస్తామని. అది నిజమే. పొద్దున తాగిన అంబలి ఎంతసేపు నిలుస్తుంది? అందుకని వొలుస్తున్నంతసేపూ పాటలు పాడమనేవాడు. పాడే నోరు నమలదు కదా. ఎవరి గొంతు ఆగితే వాళ్ళ నోట్లో గింజ ఉన్నట్టు లెక్క. తలుపు దగ్గర గుమాస్తా గింజలు కొలిచే శేరు పెట్టుకుని కూర్చుని, ఆగిన గొంతు ఎవరిదో చూసేవాడు.

నాకు పాట రాదు. నా గొంతు అప్పుడూ ఇంతే, రాతి మీద ఇనుము గీసినట్టు. నేను పాడితే మిగిలినవాళ్ళు నవ్వడానికి ఆగిపోయేవాళ్ళు.

కొట్టం ఎదురుగా చిన్న గది ఒకటి ఉండేది. లైబ్రరీ అని బోర్డు. అందులో ఒక బీరువా, ఒక బల్ల, ఆయన. చదవడానికి వచ్చేవాళ్ళు తక్కువ. పొడుగు మనిషి, కాస్త వంగి నడిచేవాడు. కళ్ళద్దాలకు ఒక కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. ఒకరోజు మా పాట వినలేకనో ఏమో వీధి దాటి వచ్చి సెట్టిని అడిగాడు.

"పాటలు ఆపించండి సెట్టిగారూ, గొంతులు పోతాండాయి. నేను కథ చదువుతా. కథ వినేటోళ్ళు నోరు తెరుస్తారు గానీ నమలరు."

సెట్టికి ఆ మాట నచ్చింది. అయితే అరుగు ఎక్కనివ్వలేదు. బద్వేలు పక్క పల్లెలో చర్చి దగ్గరి ఇల్లు ఆయనది, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అరుగు కింద బండ మీద కూర్చుని చదివేవాడు. తాగే నీళ్ళు సొరకాయ బుర్రలో తనే తెచ్చుకునేవాడు. మేమూ పోయలేదు. పోయాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఆయన తెచ్చింది గూఢచారి కథ. దొరల దేశంలో చాలా పేరు పడ్డ పాత పుస్తకమట, ఎవరో తెలుగు చేశారు. యుద్ధం జరుగుతూ ఉంటుంది. సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక అద్దె ఇంట్లో వంటమనిషితో కలిపి ఐదుగురు ఉంటారు. ఆ ఐదుగురిలో ఒకరు శత్రువులకు కబుర్లు చేరవేస్తున్నారు. ఎవరో కనిపెట్టడానికి మూడు పేర్లున్న గూఢచారి ఒకడు ఆరోవాడుగా వచ్చి దిగుతాడు. అంతే కథ. వినడం మొదలుపెట్టాక మాకు సెట్టీ లేడు, ఎండా లేదు, పగిలిన వేలూ లేదు.

ఆయన చదివే తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. గొంతు పెంచేవాడు కాదు. కథలో ఎవరన్నా చావబోతుంటే చదవడం ఆపి, కళ్ళద్దాలు తీసి, పంచె కొంగుతో తుడుచుకునేవాడు. నాలుగు రోజుల్లో నరసమ్మ ఆ గుట్టు పట్టేసింది. ఆయన చెయ్యి కళ్ళద్దాల మీదికి పోయిందో లేదో, "అమ్మో, ఎవడో చస్తాండాడు మే!" అని కేక పెట్టేది. ఆయన సిగ్గుపడి మళ్ళీ తగిలించుకునేవాడు. "ఈసారి దుమ్ము పడిందమ్మా, అంతే." మరుసటి పేజీలో ఎవడో చచ్చేవాడు.

పొద్దు వంగాక, వొలిచిన గింజలు కొలిచే ముందర, పుస్తకం మూసేవాడు. చదివిన చోట గుర్తుకు వేరుశనగ పొట్టు ఒకటి పెట్టేవాడు. అప్పుడు మమ్మల్ని అడిగేవాడు.

"ఇప్పుడు చెప్పండి. ఇంటి దొంగ ఎవరు?"

మమ్మల్ని అంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. ఎంత వొలిచావు, ఎందుకు ఆలస్యమైంది, ఇవే అడిగేవాళ్ళు. మొదటి రోజు ఎవరం నోరు తెరవలేదు. రెండోరోజు నరసమ్మే మొదలుపెట్టింది. ఆమె చాకలి నరసమ్మ.

"వానికి మూడు పేర్లుండాయి సరే, గుడ్డలెన్ని జతలుండాయి? ఉతికేదెవరు? ఆమెనడిగితే ఒక్క దినంలో చెప్తాది యాడ తిరిగొచ్చినాడో. మట్టి దాగుతాదా?"

హుసేన్‌బీది వేరే గొడవ. "నూరు కాగితాలు చదివితివి గదప్పా, ఒక్కసారన్నా కూడు తిన్నాడా వాడు? ఆకలి కానోడు మనిషేనా? నాకు వాని మీదే అనుమానం."

"ఆయన మంచోడమ్మా. కథానాయకుడు."

"మంచోనికి ఆకలి కాదా?"

ఆయన ఎంత నవ్వేవాడో! నవ్వి నవ్వి పచ్చ అట్ట నోటుపుస్తకం తీసి, మోకాలి మీద పెట్టుకుని ఏదో రాసుకునేవాడు. మేము తలా ఒకరి పేరు చెప్పి దొంగ వీడే, దొంగ ఆమే అని కొట్లాడుతుంటే ఆయన మాత్రం చదవాల్సిన కాగితాలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఎంత మందం మిగిలిందో చూపించేవాడు.

"తొందరపడి తీర్పు చెప్పొద్దండమ్మా. ఇంకా కాగితాలుండాయి."

అది ఆయన మాట. రోజుకు నాలుగుసార్లు అనేవాడు.

నేను మొదట్లో మాట్లాడలేదు. ఒకరోజు ఆ ఇంట్లో వంటమనిషి, "డాక్టరే దొంగ" అని అందరి ముందూ అరిచిన చోట ఆపాడు. మావాళ్ళంతా డాక్టరేనన్నారు. నేను కాదన్నాను.

"వంటోడే. అందరికంటే ముందు వేలు చూపించినాడంటే, వాని దగ్గర ఏదో ఉండాది. భయమున్నోనికే వేలు ముందు లేస్తాది."

పుస్తకాలప్ప నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, "నీ పేరేంటికమ్మా రాయను నేర్చుకోకూడదు?" అన్నాడు. నేల మీద పొట్టు పరిచి, పుల్లతో నా పేరు రాసి చూపించాడు. నాలుగక్షరాలు. వారం రోజులు ఇంటికి పోతూ దారి దుమ్ములో కాలి బొటనవేలితో రాసుకుంటూ పోయాను. నా పేరు అట్లా ఉంటుందని నాకు తెలియదు. మొదటి అక్షరం నిండు చూలాలిలాగా ఉంటుంది.

నా సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. అప్పటికి మూడు నెలలుగా మా ఆయన నల్లమలలో దాక్కుని ఉన్నాడు. పక్క ఊరి పెద్ద రైతు దగ్గర కూలి పెంచమని జనం నిలబడితే, మా ఆయన అందరికంటే ముందు నిలబడ్డాడు. ఆ వారంలోనే ఆ రైతు గడ్డివామి కాలిపోయింది. కాల్చింది మా ఆయనే అన్నారు. ఆయన కాదన్నాడు. నేను నమ్మాను, పోలీసులు నమ్మలేదు. దొరికితే ప్రాణాలతో వదలరని ఊరంతా అనుకునేది. ఎక్కడున్నాడో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. రాత్రీ పగలూ నా నాలుకను నేను పట్టుకుని బతుకుతున్నాను.

ఆ నాలుకే జారింది. ఆ రోజు కథలో గూఢచారిని శత్రువులు తరుముతుంటే పాడుబడ్డ మిల్లులో పదిహేను రోజులు దాక్కుంటాడు. పుస్తకం మూయగానే హుసేన్‌బీ అందుకుంది.

"ఏం తింటాండాడప్పా ఆడ?"

"రొట్టెలు మూట కట్టుకున్నాడమ్మా."

"రొట్టె సరే, ఉప్పు?" అన్నాను నేను. కథలో మునిగిపోయి ఉన్నాను. "ఎంత మొనగాడైనా ఎనిమిది దినాలకు ఉప్పు కోసం కొండ దిగాల్సిందే. దిగినా ఊర్లోకి రాడు. గొర్రెలోళ్ళ దగ్గర తీసుకుని మళ్ళా ఎక్కుతాడు."

నరసమ్మ పకపకా నవ్వింది. "మిల్లులో ఉండాడు మే దొర! కొండ యాడిది? గొర్రెలోళ్ళు యాడోళ్ళు?"

అందరూ నవ్వారు. నేను నాలుక కరుచుకున్నాను. పుస్తకాలప్ప నవ్వలేదు. కలం చేతిలోనే ఉంది. నా వైపు చూసి, నోటుపుస్తకం మీదికి వంగి, ఏదో రాసుకుని, "ఈ పొద్దుకు చాలమ్మా," అని లేచిపోయాడు. రోజుకంటే ముందు లేచాడు. అది నాకు గుర్తుండిపోయింది.

మరునాడు తెల్లవారగానే పోలీసులు మా ఇంటి మీద పడ్డారు. కుండలన్నీ పగలగొట్టారు. ఉప్పు కుండ మాత్రం పగలగొట్టలేదు. హెడ్డు కానిస్టేబులు దాన్ని ఎత్తి, ఊపి చూసి, నా ముఖం ముందర పెట్టాడు.

"గొర్రెలోళ్ళ దగ్గర తీసుకుంటాడంటనే ఉప్పు? ఏ గొర్రెలోళ్ళే?"

నేను చెప్పలేదు. కొట్టినా చెప్పలేదు. కానీ నా మాట, నేను కొట్టంలో అన్న మాట, అచ్చంగా నా మాట వాని నోట్లో ఉంది. కొట్టంలో వింటూ రాసుకున్న మనిషి ఒక్కడే.

ఆ రోజు కూడా పనికి పోయాను. పోకపోతే గంజి లేదు. ఆయన ఎప్పటిలాగే వచ్చి బండ మీద కూర్చుని, పొట్టు గుర్తు పెట్టిన చోట పుస్తకం తెరిచాడు. ఆఖరి కాగితాలు, వేలెడు మందం కూడా లేవు. ఇంటి దొంగ బయటపడే రోజు అది. నేను అరుగు దిగి ఎదురుగా నిలబడ్డాను.

"ఏమప్పా, దినామూ ఏం రాసుకుంటాండావు నువ్వు?"

ఆయన నా వాచిన చెంపను చూసి, చదవబోయినవాడు ఆగిపోయాడు. "మీ మాటలేనమ్మా."

"మా మాటలు నీకేంటికి?"

"బాగుంటాయని."

నరసమ్మ నవ్వింది, ఈసారి వేరే నవ్వు. "బాగుంటాయంట! మా మాటలు!"

మా మాటలను అంతవరకూ రాసుకున్నవాళ్ళు ఎవరు? కరణం రాసుకుంటాడు, కింద వేలిముద్ర వేయించుకుంటాడు. పోలీసులు రాసుకుంటారు, మనిషిని తీసుకుపోతారు. బాగుంటాయని రాసుకునేవాళ్ళు ఈ లోకంలో ఉంటారని మాకు ఎవరు చెప్పారు? అబద్ధం చెప్పడం కూడా రాదే వీనికి అనుకున్నాను. మీద పడి నోటుపుస్తకం గుంజుకున్నాను. తెరిచాను. కాగితం నిండా నల్లటి గీతలు. వాటి మధ్యలో నా పేరు. నాలుగక్షరాలు. నిండు చూలాలు అక్షరం ముందు.

"నా పేరుండాది! చూడండి మే, నా పేరు! ఈడు పోలీసోళ్ళ మనిషి!"

ఆయన చెయ్యి చాచాడు. "ఇట్లియ్యమ్మా, చదివి వినిపిస్తా. ఏం రాసినానో అదే చదువుతా."

"నువ్వు చదివేది నిజమని మాకెట్ల తెలుస్తాది? నీ నోట్లో నుంచి ఏమైనా వస్తాది!"

నెల రోజులు ఆయన నోటినే నమ్మి కూర్చున్నాం మేము.

గుమాస్తా లేచి వచ్చి నా చేతిలోంచి నోటుపుస్తకం తీసుకున్నాడు. చదువు వచ్చినవాడు. ఆ పేజీని పైనుంచి కిందికి చూశాడు. నా వైపు చూశాడు. "అందరి పేర్లూ ఉండాయి," అని, దాన్ని పుస్తకాలప్ప కాళ్ళ దగ్గర పడేసి, మళ్ళీ పోయి శేరు పక్కన కూర్చున్నాడు.

ఇంక ఎవరు ఆగుతారు? హుసేన్‌బీ గుప్పెడు పొట్టు తీసి ఆయన ముఖం మీద కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు. పొట్టు తగిలితే దెబ్బ తగలదు. కానీ కళ్ళద్దాల దారం తెగింది, అవి బండ మీద పడి ఒక అద్దం పగిలింది. ఆయన వంగి ముందు నోటుపుస్తకం తీసుకున్నాడు, తర్వాత కథ పుస్తకం, ఆ తర్వాత కళ్ళద్దాలు. పోతూ పోతూ నా ముందర ఆగాడు. కథ పుస్తకంలో మిగిలిన కాగితాలను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూపించాడు.

"ఇంకా కాగితాలుండాయి ఓబులమ్మా."

"కాల్చుకో పో!" అన్నాను.

వారం తిరగకుండా ఆ మాట ఊరంతా పాకింది. పోలీసుల మనిషి అంటే లైబ్రరీ గుమ్మం తొక్కేదెవరు? ఉన్న నలుగురూ మానేశారు. గదికి తాళం పడింది. ఆయన బద్వేలు పక్క తన పల్లెకు పోయాడు.

ఆయన ఊరు విడిచిన ఇరవై రోజులకు మా ఆయన దొరికాడు. కొండ కింద, గొర్రెల మంద దగ్గర. చంపలేదు. ఏడాదిన్నర జైల్లో పెట్టి, ఊపిరితిత్తులను రోగం తినేశాక వదిలారు. ఇంటికి వచ్చి నాలుగు నెలలు దగ్గి దగ్గి పోయాడు. ఒకరోజు నెత్తురు తుడుస్తూ, "నిన్ను పట్టించింది ఆ పుస్తకాలప్పే," అన్నాను.

"నన్ను పట్టుకునేనాటికి ఆయప్ప ఊర్లోనే లేడని నువ్వే చెప్తివి గదమే," అన్నాడు. అంతే. అటు తిరిగి పడుకున్నాడు.

ఎవరు చేరవేశారో నాకు ఈనాటికీ తెలియదు. కొట్టంలో పదిమందిమి ఉన్నాం. గుమాస్తా తలుపు దగ్గరే కూర్చునేవాడు. అతని మీద నాకు అనుమానమే రాలేదు. అతను మమ్మల్ని ఏనాడూ ఏమీ అడగలేదు కదా. ఇప్పుడు అనుమానపడినా ఏం లాభం? నా వేలికి ఇంకొకరి మీదికి లేచే అర్హత పోయింది.

బద్వేలు ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే అన్నానికి ముందే దిగొచ్చు. పోయి ఒక మాట అడిగి ఉండొచ్చు. మా ఆయన పోయాక ఆరేళ్ళు ఆ బస్సు మా వీధి చివరనే ఆగింది. నేను ఎక్కలేదు. ఆయన కూతురు బస్సెక్కే ముందు ఒక్క మాట చెప్పింది. మైదుకూరు నుంచి వచ్చాక వాళ్ళ నాయన మళ్ళీ ఎవరికీ ఏదీ చదివి వినిపించలేదట. చర్చిలో వాక్యం చదవమని పెద్దలు పిలిస్తే, కళ్ళు కనబడవని చెప్పేవాడట.

"కనబడేవి చిన్నమ్మా," అంది.

నిన్న సాయంత్రం టీచరమ్మను పిలిచి నోటుపుస్తకం మొదటి కాగితం నుంచీ చదివించుకున్నాను. నరసమ్మ గుడ్డల మాట ఉంది. హుసేన్‌బీ ఆకలి మాట ఉంది. చదువుతుంటే ఇద్దరూ నా పక్కన కూర్చుని కాయలు వొలుస్తున్నట్టే ఉంది. ముందు వేలు చూపించినోని గురించి నేనన్న మాట ఉంది, నా పేరు పెట్టి. దాని కింద ఆయన సొంతంగా ఒక ముక్క రాసుకున్నాడు. ఈ మాట పుస్తకంలో లేదు, ఉంటే పుస్తకం ఇంకా బాగుండేదని. టీచరమ్మ మళ్ళీ చదవనా అంది. వద్దన్నాను.

ఆఖరున రాసి ఉన్న కాగితం దగ్గరికి వచ్చింది. మిల్లులో దాక్కున్న రోజుది. నేను గుంజుకుని తెరిచిన కాగితం అదే. తిండి గురించి హుసేన్‌బీ అడిగింది ఉంది. కొండ యాడిది మే అని నరసమ్మ నవ్వింది మాత్రం లేదు. నా ఉప్పు మాట లేదు. టీచరమ్మ ఆగింది.

"నీ పేరుంది ఓబులమ్మా. పేరు రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టాడు. ఆ పక్కన ఏమీ రాయలేదు. ఖాళీగా వదిలేశాడు."

ఇటు తిప్పమన్నాను. వేలు పెట్టి చూసుకున్నాను. ఓ, బు, ల, మ్మ. ఆ తర్వాత తెల్ల కాగితం. ఆ రోజు పేరు దొరకగానే అరిచాను. పక్కకు చూడలేదు.